ఎనిమిది తీగలు, ఒకే శ్రుతి

కీర్తనల గ్రంథాన్ని ప్రతిరోజూ చదివే విశ్వాసులు కూడా కొన్ని కీర్తనల పైన ఉండే చిన్న పంక్తిని చదవకుండానే ముందుకు సాగిపోతారు. ఎవరు రాశారు, ఏ వాద్యంతో పాడాలి, ఏ రాగం మీద పాడాలి అని గాయకులకు ఇచ్చిన సూచన అది. ఆరో కీర్తనకూ, పన్నెండో కీర్తనకూ పైన ‘అష్టమ శ్రుతి’ అన్న మాట కనిపిస్తుంది. హెబ్రీ మూలంలో అది ‘షెమినీత్’. అంటే ఎనిమిదవది అని అర్థం. దినవృత్తాంతముల మొదటి గ్రంథం 15వ అధ్యాయంలో దావీదు నిబంధన మందసాన్ని యెరూషలేముకు తెచ్చిన రోజున లేవీయులు వాయించిన వాద్యాల వరుసలో కూడా ఈ మాట ఉంది. బైబిలు పండితులు దీనికి రెండు అర్థాలు చెబుతారు. ఎనిమిది తంతులున్న వాద్యమని కొందరు, ఎనిమిదో స్వరం, అంటే కింది స్థాయి శ్రుతి అని మరికొందరు. ఇక 33, 92, 144 కీర్తనలలోనైతే పది తంతుల వాద్యం ప్రస్తావన స్పష్టంగానే ఉంది.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకంటే, మన సంఘాల్లో కొత్తగా ఒక చర్చ మొదలైంది. మన యువకుల చేతుల్లోకి ఏడు తీగల, ఎనిమిది తీగల గిటార్లు వచ్చాయి. వాటిని మామూలు పద్ధతిలో కాకుండా ‘ఓపెన్ ట్యూనింగ్’ అనే వేరే శ్రుతిలో పెట్టి ఆరాధనలో వాయిస్తామంటున్నారు. పెద్దలు ససేమిరా అంటున్నారు. తీగలు ఎన్నుండాలన్న ప్రశ్న పాతదే. ఆ తీగలు ఎవరికోసం మోగాలన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతికే ముందు ఈ వాద్యమేమిటో, ఈ శ్రుతి ఏమిటో కాస్త తెలుసుకుందాం. తెలియని దాన్ని తిట్టడం తేలిక, మెచ్చుకోవడం కూడా తేలికే. తెలుసుకుని తీర్పు చెప్పడమే విశ్వాసికి తగిన పని.

అదనపు తీగలు ఎందుకు?

మామూలు గిటారుకు ఆరు తీగలు. లావు తీగ నుంచి సన్నతీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. ఏడు తీగల గిటారులో కింద బి అనే మంద్రస్వరం చేరుతుంది. ఎనిమిది తీగల గిటారులో దానికంటే కింద ఎఫ్ షార్ప్ చేరుతుంది. జాజ్ విద్వాంసుడు జార్జ్ వాన్ ఎప్స్ 1930ల చివర్లోనే ఏడు తీగల గిటారు వాయించారు. 1990లో ఐబనేజ్ సంస్థ ఏడు తీగల ఎలక్ట్రిక్ గిటారును, 2007లో ఎనిమిది తీగల గిటారును మార్కెట్లోకి తెచ్చాక ఇవి యువతకు అందుబాటులోకి వచ్చాయి. వీటిని ఎక్కువగా వాడింది హెవీ మెటల్ బృందాలు కాబట్టి మన పెద్దల భయానికి ఆధారం లేదని కొట్టిపారేయలేం.

అయితే అదనపు తీగల చరిత్ర అంతా అదే కాదు. స్పెయిన్ దేశపు సంగీతకారుడు నార్సిసో యెపెస్ 1964లో పది తీగల గిటారును రూపొందింపజేసుకున్నారు. ఆయన ఉద్దేశం బిగ్గరగా వాయించడం కాదు. ఒక తీగను మీటినప్పుడు దానికి సంబంధించిన స్వరంలో ఉన్న మరో తీగ ఎవరూ తాకకుండానే కంపిస్తుంది. ఆరు తీగల గిటారులో కొన్ని స్వరాలకే ఆ భాగ్యం ఉంది. మిగిలినవి పొడిగా ఆగిపోతాయి. పన్నెండు స్వరస్థానాలకూ ఆ తోడు సమానంగా దొరకాలని ఆయన నాలుగు తీగలు కలిపారు.

ఓపెన్ ట్యూనింగ్ అంటే...

మామూలు శ్రుతిలో ఉన్న గిటారు తీగలన్నిటినీ ఎడమచేతి వేళ్లు ఆనించకుండా ఒక్కసారి మీటితే వచ్చే ధ్వని పొందికగా ఉండదు. వేళ్లతో మెట్ల మధ్య నొక్కితేనే స్వరాలు కలుస్తాయి. ఓపెన్ ట్యూనింగులో అలా కాదు. ఏమీ నొక్కకుండా మీటినా అన్నీ కలిసి ఒకే కార్డుగా మోగేలా ముందే తీగలను సరిచేసి పెడతారు. ఉదాహరణకు ఆరు తీగల గిటారులో ఆరో తీగను, ఒకటో తీగను డికి, ఐదో తీగను జికి దించితే చాలు. అది ‘ఓపెన్ జి’ అవుతుంది.

ఇదేదో పాశ్చాత్యుల వింత అనుకోనవసరం లేదు. మన బొబ్బిలి వీణను తీసుకోండి. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఆ వీణకు ఏడు తీగలు. నాలుగు రాగం పలికించడానికి, మూడు పక్కన శ్రుతికీ తాళానికీ. వాటన్నిటినీ షడ్జమ పంచమాలకే, అంటే స, ప లకే శ్రుతి చేస్తారు. మెట్ల మీద వేలు పెట్టకుండా మీటినా వీణ శ్రుతిలోనే ఉంటుంది. గోటువాద్యం సంగతీ అంతే. మన తాతల చేతిలో ఉన్న సూత్రమే ఇప్పుడు మనవళ్ల చేతికి ఇంగ్లీషు పేరుతో తిరిగి వచ్చింది.

రష్యాలో 19వ శతాబ్దమంతా ఇంటింటా వినిపించిన గిటారు ఏడు తీగలదే. డి, జి, బి, డి, జి, బి, డి అన్నది దాని శ్రుతి. అంటే అదనపు తీగా ఉంది, ఓపెన్ ట్యూనింగూ ఉంది. ఆంద్రేయ్ సిక్రా (1773-1850) అనే విద్వాంసుడు దానికి ఎన్నో రచనలు చేసి శిష్యులను తయారుచేశారు. ఇక హవాయి దీవులకు 1830లలో పశువుల కాపరులుగా వచ్చిన మెక్సికన్లు గిటార్లు తెచ్చారు. అక్కడివారు తీగలను వదులు చేసి తమ పాటకు తగిన శ్రుతులు కల్పించుకున్నారు. ఆ తరవాత జోసెఫ్ కెకుకు అనే హవాయి యువకుడు గిటారును ఒడిలో పడుకోబెట్టి, తీగల మీద నున్నటి ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చారు. కడ్డీ అన్ని తీగలనూ ఒకే గీతలో తాకుతుంది కాబట్టి ఆ పద్ధతికి ఓపెన్ ట్యూనింగ్ చక్కగా ఒదిగిపోయింది.

ఆర్గన్ స్థానంలో ఉక్కు గిటారు

ఆ హవాయి గిటారు అమెరికాలో ఒక సంఘపు ఆరాధననే మలచిన చరిత్ర మనకు మరింత ముఖ్యం. మేరీ మాగ్దలేనా టేట్ అనే నల్లజాతి దైవసేవకురాలు 1903లో ఒక పరిశుద్ధతా సంఘాన్ని స్థాపించారు. దాని శాఖల్లో ఒకటి ‘హౌస్ ఆఫ్ గాడ్’. 1930లలో ఫిలడెల్ఫియాలో ట్రోమన్ ఈసన్ అనే విశ్వాసి హవాయి పద్ధతిలో ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకుని ఆరాధనకు తెచ్చారు. ఆయన తమ్ముడు విల్లీ ఈసన్ (1921-2005) ఆ తీగల మీద సంఘపు పాటను మనిషి గొంతులా పలికించడం మొదలుపెట్టారు. పాట పాడేవారు ఒక పంక్తి పాడితే గిటారు దాన్ని అందుకుని బదులు పలికేది. చాలా సంఘాల్లో ఆర్గన్ ఉండవలసిన చోట ఉక్కు గిటారు కూర్చుంది.

ఆరు తీగలతో మొదలైన ఆ వాద్యానికి క్రమంగా తీగలు పెరిగాయి. విల్లీ ఈసన్ బంధువైన ఆబ్రీ ఘెంట్ ఎనిమిది తీగల గిటారుతో పేరు పొందారు. తరవాతి తరానికి చెందిన రాబర్ట్ రాండాల్ఫ్ పదమూడు తీగల పెడల్ స్టీల్ వాయిస్తారు. ఇవన్నీ ఓపెన్ ట్యూనింగులోనివే. అరవై ఏళ్లపాటు ఈ సంగీతం ఆ సంఘాల గోడలు దాటి బయటికి పెద్దగా రాలేదు. ఫ్లోరిడాకు చెందిన జానపద పరిశోధకుడు రాబర్ట్ స్టోన్ దాన్ని రికార్డు చేయగా 1997లో ఆర్హూలీ సంస్థ ‘సేక్రెడ్ స్టీల్’ పేరుతో విడుదల చేసింది. అప్పుడే లోకానికి తెలిసింది.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆ విశ్వాసులు వాయించింది హవాయి వినోదశాలల్లో మోగిన వాద్యమే. దాని పుట్టుకను చూసి వారు భయపడలేదు. అలాగని దాని మోజులో కూడా పడలేదు. సంఘం పాడుతుంటే వాద్యం వినాలి, సంఘం ఆగితే వాద్యం పలకాలి అన్న క్రమశిక్షణ పెట్టుకున్నారు. ఆ క్రమశిక్షణే దాన్ని ఆరాధన వాద్యంగా మార్చింది.

మన మందిరంలో జరిగింది

మన తెలుగు సంఘాల పరిస్థితి చూద్దాం. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి భక్తకవులు మనకిచ్చిన కీర్తనలు కర్ణాటక రాగాల్లో కట్టినవి. ఆ రాగానికి ప్రాణం స్వరానికీ స్వరానికీ మధ్య జారే గమకంలో ఉంది, వెనక నిరంతరంగా మోగే షడ్జమంలో ఉంది. మామూలు గిటారు కార్డులు రెండు మూడు మాత్రలకోసారి మారిపోతుంటే ఆధార షడ్జమం చెదిరిపోతుంది. పైగా వాయించేవారి వేళ్లకు తేలికైన శ్రుతిలోనే పాట ఎత్తుకుంటారు. అది పెద్దల గొంతుకు అందదు. మొదటి చరణం పాడతారు, రెండోదానికి పెదవులు కదుపుతారు, మూడోదానికి పుస్తకం మూసేస్తారు. మన మందిరాల్లో అరవై దాటినవారు ఎందరు ఇలా మౌనంగా నిలబడుతున్నారో ఈ ఆదివారం ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

మేము సేవ చేస్తున్న సంఘంలో ఒక యువకుడున్నాడు. చదువు కోసం పట్నం వెళ్లాక మూడేళ్లు మందిరం ముఖం చూడలేదు. తండ్రి లేడు, నానమ్మ పెంచింది. ఉద్యోగం వచ్చాక ఎనిమిది తీగల గిటారు కొన్నాడు. సెలవులకు వచ్చి ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. “అయ్యగారూ, మా నానమ్మ గుడిలో పాడడం మానేసిందండి. ఇంట్లో నేను దీని శ్రుతి మార్చి వాయిస్తే మళ్లీ పాడుతోంది. ఒక్కసారి మీరొచ్చి వినండి” అన్నాడు. వెళ్లి విన్నాము. అతడు కార్డులు మార్చడం లేదు. తీగలన్నిటినీ స, ప లకు పెట్టి తంబురాలా మోగిస్తూ, పై రెండు తీగల మీద మాత్రం ఆమె పాడే వరసను అనుసరిస్తున్నాడు. మెట్ల మీద బిగించే కాపోను అటూ ఇటూ జరుపుతూ ఆమె గొంతుకు సరిపడే చోట ఆపాడు. ఆమె కళ్లు మూసుకుని అయిదు చరణాలు పుస్తకం చూడకుండా పాడింది.

సంఘ పెద్దల కూటంలో ఈ విషయం పెట్టాము. ఒక పెద్దాయన లేచి, “అయ్యగారూ, అది ఎవరు వాయిస్తారో టీవీలో చూశామండి. జుట్టు విరబోసుకుని అరిచేవాళ్ల చేతిలో వస్తువు దేవుని మందిరంలోకి ఎందుకు?” అన్నారు. కాసేపాగి, “సరే, వాయించనివ్వండి. కానీ పాటలో మాటలు వినబడకపోతే మాత్రం నేను ఒప్పుకోను” అన్నారు. శుక్రవారం ఉపవాస కూడికలో ఒక కీర్తన వాయించి చూడాలని తీర్మానమైంది.

ఆ శుక్రవారం రెండు సంగతులూ నిజమయ్యాయి. మూడో చరణం దాకా స్త్రీల వరుసలో ఎవరూ పుస్తకం మూయలేదు. కానీ ఎనిమిదో తీగ మోగినప్పుడల్లా ఆ హాలు గోడలు ఒకటే గుమ్మని, మాటలు అందులో మునిగిపోయాయి. పెద్దాయన అన్నది అక్షరాలా నిజం. కూడిక అయ్యాక ఆయనా ఆ యువకుడూ యాంప్లిఫయర్ పక్కన కూర్చుని ఏ తీగ ఎక్కడ అడ్డం వస్తోందో ఒక్కొక్కటే మీటి చూశారు. ఒకరు వినడం, ఒకరు సరిచేయడం. మూడేళ్లుగా ఆ ఇద్దరి మధ్య పలకరింపు కూడా లేదని మాకు తెలుసు.

శ్రుతి చేసుకునే విధానం

ఈ పద్ధతిని ప్రయత్నించాలనుకునే యువతకు ఉపయోగపడుతుందని ఆ వివరాలు ఇస్తున్నాము. ఎనిమిది తీగలను లావు తీగ నుంచి వరసగా డి, ఎ, డి, ఎ, డి, జి, ఎ, డి అని పెట్టుకోవాలి. మన భాషలో చెప్పాలంటే స, ప, స, ప, స, మ, ప, స. ఇందులో ఏ తీగనూ బిగించనవసరం లేదు. మామూలు శ్రుతి నుంచి ఐదు, నాలుగు, మూడో తీగలు అలాగే ఉంటాయి. మిగిలిన అయిదూ కిందికి దిగుతాయి. దించడం వల్ల తీగ తెగదు, గిటారు మెడ మీద భారం పెరగదు. అచ్చమైన ఓపెన్ కార్డు కావాలంటే మూడో తీగను ఎఫ్ షార్ప్‌కు, అంటే అంతర గాంధారానికి దించాలి. అది శంకరాభరణానికి, మోహనకు బాగుంటుంది. ఖరహరప్రియలో ఉండేది సాధారణ గాంధారం కాబట్టి ఆ తీగ అక్కడ అపస్వరమవుతుంది. అందుకే కీర్తనలకు దాన్ని జి దగ్గరే ఉంచడం క్షేమం. కల్యాణి వంటి ప్రతిమధ్యమ రాగాలు పాడేటప్పుడు ఆ ఒక్క తీగను మీటకుండా వదిలేయాలి. హిందోళంలోనైతే పంచమమే లేదు. అప్పుడు ఎ తీగలను జికి దించుకోవాలి.

తీగల బిగువు గురించి కూడా తెలియాలి. దీని సూత్రాలను 1636లో ప్రచురించినవాడు ఫ్రాన్సు దేశపు క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సెన్. ఆ సూత్రం ప్రకారం తీగను రెండు స్వరస్థానాలు దించితే దాని బిగువు ఐదో వంతు తగ్గుతుంది. నాలుగు స్వరస్థానాలు దించితే మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఎనిమిదో తీగను ఎఫ్ షార్ప్ నుంచి డికి దించడమంటే సరిగ్గా ఆ నాలుగు స్థానాలే. తీగ వదులై మెట్లకు కొట్టుకుంటూ గరగరమంటుంది. కాబట్టి ఆ స్థానంలో ఇంకాస్త లావు తీగ వేసుకోవాలి. ఎనిమిది తీగల గిటార్లను మామూలు వాటికంటే పొడవుగా తయారుచేసేది కూడా ఇందుకే.

ఇక మోత సంగతి. మామూలు గిటారులో అన్నిటికంటే కింది తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. బేస్ గిటారు కింది తీగ 41 సార్లు. మనం డికి దించిన ఎనిమిదో తీగ సుమారు 37 సార్లు. అంటే అది బేస్ గిటారు కన్నా కిందికి పోయింది. చిన్న హాలులో, అందులోనూ కీబోర్డు ఎడమచేయి, డ్రమ్ములు కూడా ఉంటే ఆ స్వరం ఎవరికీ స్పష్టంగా వినబడదు, మిగతా స్వరాలను మాత్రం మింగేస్తుంది. మా సంఘంలో చేసుకున్న ఏర్పాటు ఇది: సంఘం పాడుతున్నంతసేపూ ఆ తీగ ముట్టరు. కీర్తన ఎత్తుకునే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి మాత్రమే అది మోగుతుంది. యాంప్లిఫయర్‌లో బేస్ తగ్గించి ఉంచుతారు. ఎనిమిది తీగలున్నంత మాత్రాన ఎనిమిదీ ఎప్పుడూ మోగాలని లేదు.

స్పష్టత లేని స్వరం

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో సరిగ్గా ఈ మాటే చెప్పాడు. పిల్లనగ్రోవి గానీ వీణ గానీ స్వరాల్లో భేదం తెలిసేలా పలకకపోతే వాయించినదేదో ఎలా తెలుస్తుందని ఆయన అడిగాడు. ఆయన వాద్యాన్ని తప్పుపట్టలేదు, అస్పష్టతను తప్పుపట్టాడు. ఆ అధ్యాయంలో ఆయన పదే పదే వాడిన కొలమానం ఒక్కటే. సంఘానికి క్షేమాభివృద్ధి కలుగుతోందా? పక్కనున్నవాడు ‘ఆమేన్’ అనగలుగుతున్నాడా? వాద్యం ఆరు తీగలదైనా ఎనిమిది తీగలదైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే. హార్మోనియం, తబలా కూడా ఇందుకు మినహాయింపు కాదు.

సంఘచరిత్రలో వాద్యాల మీద తగవు కొత్తది కాదు. సంస్కర్త జాన్ కాల్విన్ కాలంలో జెనీవా సంఘం వాద్యాలేవీ లేకుండానే కీర్తనలు పాడింది. మాటలు స్పష్టంగా వినబడాలన్నదే ఆ సంస్కర్తల తపన. ఆ తపనను గౌరవిస్తూనే వాద్యాన్ని వాడుకోవచ్చని మన సంఘాలు నమ్ముతున్నాయి. ఆ తపనను పోగొట్టుకుని వాద్యాన్ని మాత్రం మిగుల్చుకుంటే మనకు మిగిలేది కచేరీయే.

యువతకు ఒక మాట. దావీదు ఏర్పాటుచేసిన గాయకులలో ప్రవీణులైనవారు 288 మంది అని దినవృత్తాంతముల మొదటి గ్రంథం 25వ అధ్యాయం లెక్కతో సహా చెబుతోంది. దేవుని సన్నిధిలో నేర్పుకు చోటుంది. సాధన చేయకుండా ‘ఆత్మ నడిపిస్తాడు’ అనడం సోమరితనానికి వేసిన ముసుగు. అయితే నేర్పు చూపించుకోవడానికి ఆదివారం ఆరాధన వేదిక కాదు. మీ గిటారును ముందు మీ ఇంట్లో పాడడం మానేసిన పెద్దల పక్కన కూర్చుని శ్రుతి చేయండి. వారి గొంతు ఎంతవరకు వెళ్తుందో తెలుసుకోండి. మీ కాపో అక్కడికి జరగాలి తప్ప వారి గొంతు మీ దగ్గరికి రాకూడదు.

పెద్దలకూ ఒక మాట. సౌలు ప్రాణం కుదుటపడింది గొర్రెల కాపరి కుర్రాడు తెచ్చిన తీగల వల్లే. మందిరం గుమ్మం దగ్గర వాద్యంతో నిలబడిన యువకుణ్ణి ‘ఇది ఎక్కడి వస్తువు’ అని అడిగే ముందు ‘ఇది ఎవరికోసం తెచ్చావు బాబూ’ అని అడగండి. జవాబు విన్నాక కూడా అభ్యంతరముంటే చెప్పండి. వాయిద్యంలో దోషం మీ చెవికి తెలిస్తే సరిచేయడానికి పక్కన కూర్చోండి. దూరం నుంచి విసిరిన మాట ఎంత నిజమైనా గాయమే చేస్తుంది. పక్కన కూర్చుని చెప్పిన మాటే శ్రుతిని సరిచేస్తుంది.

ఆరో కీర్తన, పన్నెండో కీర్తన ఉత్సాహంతో పాడేవి కావు. ఒకటి రాత్రంతా కన్నీళ్లతో పడక తడిపినవాడి మొర. మరొకటి లోకంలో నమ్మకస్థులు లేకుండా పోయారని కుమిలినవాడి మొర. అష్టమ శ్రుతి సూచన ఈ రెండింటికే దక్కింది. కింది స్థాయిలో పాడే గొంతులు ప్రతి సంఘంలోనూ ఉంటాయి. వయసు మీరినవారివి, విధవరాండ్రవి, అప్పుల్లో ఉన్నవారివి, పైస్థాయి అందుకోలేక మౌనంగా నిలబడినవారివి. ఒక తీగ మోగితే దానితో శ్రుతి కలిసిన తీగ తాకకుండానే మోగడం సృష్టిలో దేవుడు పెట్టిన నియమం. అలా మోగాలంటే అది దగ్గరగా ఉండాలి, శ్రుతి కలిసి ఉండాలి. ఈ ఆదివారం మన పాట ఎత్తుకునేటప్పుడు ఆ కింది గొంతులకు చోటు మిగిలేలా ఎత్తుకుందాం. పాడేవారందరూ పాడగలిగిన శ్రుతే దేవునికి ఇంపైన శ్రుతి.